సామాన్ల గదిలో టీచర్లు

ఆ సోమవారం పొద్దున ముగ్గురు ఆడవాళ్ళను గదిలో పెట్టి తాళం వేసింది నేనే. ఆ సంగతి ముందు చెప్పి మిగతాది చెబుతాను. మిల్లుల్లో పనిచేసేవాళ్ళూ, కాలేజీల్లో చదువుకునే పిల్లలూ చదువుతారని రాస్తున్నాను. నా తప్పు దాచుకుని మీకు ధైర్యం నూరిపోయడం నాకు చేతకాదు.

నాది గేటు కాపలా. నూలుమిల్లు ప్రహరీకి ఆనుకుని పసిపిల్లల బడి ఉంది. షిఫ్టుకు పోయే తల్లులు పిల్లల్ని అక్కడ దించిపోతారు. పాలు మరవని చంటివాళ్ళ దగ్గర్నుంచి ఐదేళ్ళవాళ్ళ దాకా యాభైమంది. ఇలాంటి బళ్ళు ఎనిమిది. ఎనిమిదీ ఒకే కాంట్రాక్టరు చేతిలో ఉన్నాయి.

మా బడిని నడిపేది ముగ్గురు. పెద్దక్క వచ్చి పదకొండేళ్ళయింది. నాలుగైదేళ్ళ పిల్లలకు మాటా, పాటా, అంకె, బలపం పట్టుకోవడం అన్నీ ఆమే నేర్పేది. కళ్ళజోడు అని అందరూ పిలిచే అమ్మాయి నాలుగేళ్ళుగా రెండు మూడేళ్ళవాళ్ళను చూస్తుంది. మూడో మనిషి వంటమ్మ. వంటకని చేరింది. ఐదేళ్ళ కిందట చంటిపిల్లల గదిలో మనిషి లేదని ఒక్క పూట చూడమన్నారు. ఆ పూట ఇంకా అవలేదు.

కాగితం మీద ఈ ముగ్గురూ ఆయాలు. టీచర్లు వేరే ఉన్నారు. వాళ్ళు ఉన్నది కాగితం మీదే.

మేనేజరు గదిలో గోడకు ఒక నిబంధనల పటం ఉంది. మూడేళ్ళు ఆయాగా చేసినవాళ్ళు మేనేజరు ఉత్తరం తీసుకుని వెళితే శిక్షణలో చేరవచ్చు. ఏడాది శిక్షణ అయ్యాక టీచరు. ఆ తర్వాత హెడ్ టీచరు. ఆ పైన తనిఖీ అధికారి కూడా కావచ్చు. నలభై ఏళ్ళు నిండితే మాత్రం చేర్చుకోరు. నేను ఏడో తరగతితో ఆపినవాణ్ణి, నాకే అర్థమయ్యేలా రాసి ఉంది. పెద్దక్క ఏటా ఆ గది ముందు నిలబడి ఉత్తరం అడిగేది. మేనేజరు తల ఎత్తకుండా, "వచ్చే ఏడు చూద్దాంలే" అనేవాడు. ఆయా శిక్షణ పొంది వస్తే టీచరుగా తీసుకోవాలి. ఆయా చేతనే టీచరు పని చేయించుకుంటున్నప్పుడు ఆ ఉత్తరం ఎవడిస్తాడు?

ఆ ఏడు పెద్దక్కకు ముప్పై తొమ్మిది. ఫారాలు తీసుకునే ఆఖరి రోజు ఆ వారంలోనే, శనివారం.

ఇక తాళం సంగతి. ఆరు నెలలకోసారి తనిఖీ వస్తుంది. ఆ రోజు పొద్దున్నే కాంట్రాక్టరు వ్యాను వస్తుంది. అందులోంచి ఇస్త్రీ బట్టల్లో ముగ్గురు దిగుతారు. సర్టిఫికెట్ ఉన్న టీచర్లు వాళ్ళు. మన ముగ్గురూ సామాన్ల గదిలోకి వెళ్ళి, చాపల కట్టల మధ్య, సబ్బుపెట్టెల మీద కూర్చుంటారు. తనిఖీ అయ్యేదాకా బయట తాళం. ఎవరూ నెట్టక్కర్లేదు, వ్యాను చప్పుడు వినగానే వాళ్ళే లేచేవాళ్ళు. "పదండమ్మా, మన సెలవు వచ్చింది" అని వంటమ్మ నవ్వించేది.

లోపలికి పోయేముందు పెద్దక్క ఎప్పుడూ గుమ్మంలో ఆగి, వచ్చిన టీచరుకు పిల్లల్ని అప్పజెప్పేది. ఆ సోమవారమూ అంతే చేసింది.

"ఎర్రచొక్కా వాణ్ణి ఎత్తుకోకండి, భయపడతాడు. మీరే కింద కూర్చుని పిలవండి. ఆ జడల పిల్లకి ఎడమ చెవి వినిపించదు, కుడిపక్కన ఉండి మాట్లాడాలి. చిట్టికి పొద్దున్నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది. మేనేజరుగారికి చెప్పాను, వాళ్ళమ్మకి కబురు పంపుతానన్నారు. కాస్త చూస్తూ ఉండండి టీచరుగారూ, గంటకోసారైనా..."

"చాల్లే, ఆవిడకి తెలీదా ఏంటి? సర్టిఫికెట్ ఉంది" అన్నాడు మేనేజరు. కబురు పంపలేదని నాకు తెలుసు. పంపాలంటే నన్నే పంపాలి.

తాళం వేశాను.

తనిఖీ మేడం పదింటికి వచ్చింది. గదులు చూస్తోంది. నేను వరండా చివర నిలబడి ఉన్నాను. పెద్ద పిల్లల గదిలో ఏదో బల్ల పడిన చప్పుడైంది. వెంటనే అంత గోలా ఒక్కసారిగా ఆగిపోయింది.

సామాన్ల గది తలుపు దబదబ మోగింది.

"అన్నా! తలుపు తియ్యి. పిల్లలు ఊరుకున్నారు. ఏదో అయింది. అన్నా!"

తాళంచెవి నా గుప్పిట్లోనే ఉంది. మేనేజరు అవతలి గుమ్మంలోంచి నన్ను చూశాడు. కళ్ళతోనే వద్దన్నాడు. నేను ఆగిపోయాను.  యాభై దాటినవాణ్ణి, ఈ కాపలా పోతే ఇంకోచోట గేటు ముందు కూడా నిలబడనివ్వరు. అదే నా బుర్రలో తిరుగుతోంది. పిల్లల గదిలోంచి ఒక పిల్ల "చిట్టి, చిట్టి" అని అరిచింది. పెద్దక్క మూడోసారి అన్నా అంది. అప్పుడు తీశాను.

ఆమె నన్ను తోసుకుని పోయింది. చిట్టి నేల మీద కొట్టుకుంటోంది. కళ్ళు పైకి పోయాయి. సర్టిఫికెట్ టీచరు పిల్ల పళ్ళ మధ్య చెంచా దూర్చబోతోంది. పెద్దక్క ఆ చెంచా లాగి అవతల పారేసింది. బల్లను కాలితో పక్కకు నెట్టింది. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర గుండీ విప్పి, గోడ గడియారం చూస్తూ కూర్చుంది. "నోట్లో ఏం పెట్టకూడదు. గట్టిగా పట్టుకోకూడదు. జ్వరం ఫిట్స్ ఇవి. తగ్గుతాయి" అంది. మిగతా పిల్లల వైపు తిరక్కుండానే, "అందరూ కిటికీ దగ్గరికి వెళ్ళి చెట్టు మీద ఎన్ని పిట్టలున్నాయో చూసి చెప్పండి" అంది. అందరూ వెళ్ళారు.

రెండు నిమిషాలకు చిట్టి ఒళ్ళు వదిలేసి ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపు విని నేను గోడకు ఆనుకున్నాను.

తనిఖీ మేడం గుమ్మంలో నిలబడి ఉంది. "ఎవరు నువ్వు?"

పెద్దక్క లేచి నిలబడింది. అప్పటిదాకా గట్టిగా ఉన్న మనిషి, ఆ మాటకు గోడ వైపుకు జరిగింది. మేనేజరు వైపు చూసింది.

"పనిమనిషినండి. ఊడవడానికి వచ్చాను" అంది.

పదకొండేళ్ళు చదువు చెప్పిన మనిషి ఆ మాట అంది. ఎవరూ అనిపించలేదు. ఆ సామాన్ల గదిలో ఆరు నెలలకోసారి కూర్చుని కూర్చుని, ఆ మాట ఆమెకు నోటికొచ్చేసింది.

చిట్టిని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నెమ్మదిగానే ఉందన్నారు.

మంగళవారం మేనేజరు ఒక కాగితం తెచ్చాడు. పిల్లకు జ్వరం ఉందని తెలిసి కూడా ఆయా ఎవరికీ చెప్పలేదనీ, తనిఖీ సమయంలో అనుమతి లేకుండా తరగతిలో చొరబడిందనీ రాసుంది. కింద పెద్దక్క సంతకం పెట్టాలి.

"పెట్టేస్తే ఇక్కడితో పోతుంది. ఊడ్చుకుంటూ ఉండొచ్చు. పెట్టకపోతే ముగ్గురూ బయటికి. తల్లి కేసు పెడితే జైలు కూడా. గురువారం మేడం మళ్ళీ వస్తుంది, ఆలోపల నా బల్ల మీద ఉండాలి."

ఆ కాగితం మీద సంతకం పడితే శిక్షణ తలుపు జన్మలో తెరుచుకోదు. అది అందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం పిల్లలు పడుకునే వేళ వాళ్ళు మాట్లాడుకున్నారు. మీరు మీటింగులంటే జెండాలు, మైకులు అనుకుంటారు. మా మొదటి మీటింగు గుసగుసల్లో జరిగింది. పెద్ద హాలు, వరసగా చాపలు, యాభైమంది పిల్లలు. ముగ్గురు ఆడవాళ్ళు దూరదూరంగా కూర్చుని, రెండు చేతులా ఇద్దరిద్దరు పిల్లల్ని జోకొడుతున్నారు. కోపం వచ్చినా గొంతు పెంచడానికి లేదు. కోపమొస్తే జోకొట్టే చేయి వేగం పెరిగేది, అంతే. నేను గుమ్మంలో కూర్చున్నాను.

"పెట్టేస్తాను. నాకు పోట్లాడే ఓపిక లేదు. జైలంటే నాకు భయమే" అంది పెద్దక్క.

"పెట్టు. రేపు ఇంకో పిల్లకి ఏదైనా అయితే నాతో పెట్టిస్తారు. ఆ తర్వాత వంటమ్మతో. కాగితం రాసే ఉంటుంది, పేరు మార్చుకోవడమే" అంది కళ్ళజోడు.

"నన్ను మీ లెక్కలోకి లాగకండి" అంది వంటమ్మ. "ఇంట్లో ముగ్గురు పిల్లలు, మంచం పట్టిన అత్త. మీరిద్దరూ చదువుకున్నారు, టీచర్లవుతారు. నేనేమవుతాను? చంటిపిల్లల గుడ్డలు మార్చేదానికి కూడా సర్టిఫికెట్టా?"

"నీ గదిలో పిల్లలు ఏ నెలలో కూర్చుంటారో, ఏ నెలలో నిలబడతారో చూసి చెప్పేది ఎవరు?" అంది కళ్ళజోడు. " ఆ మాట రాని పిల్లాడికి చెవులు చూపించమని వాళ్ళమ్మకి మొదట చెప్పింది ఎవరు? డాక్టరా?"

"నేనే. అయితే?"

"అయితే అదేనమ్మా టీచరు పనంటే!"

గొంతు కాస్త లేచింది. ఎర్రచొక్కా వాడు కళ్ళు తెరిచాడు. ముగ్గురూ నోళ్ళు మూసుకున్నారు. వాడు మళ్ళీ నిద్రపోయేదాకా విప్లవం ఆగింది.

అప్పుడే గేటు దడాలున తెరుచుకుంది. చిట్టి తల్లి. మిల్లులో తెగిన దారాలు అతికే పని ఆమెది. జుట్టు నిండా దూది. మేనేజరు కబురు పంపాడట, నీ బిడ్డకు జ్వరమని తెలిసి ఆయా దాచిందని.

"ఏదీ ఆ పెద్దది? నా బిడ్డని నీ చేతుల్లో పెట్టి పోతే చంపాలని చూశావా? ఒక్క మాట చెప్పడానికి నోరు పడిపోయిందా?"

పిల్లలందరూ లేచి ఏడవడం మొదలుపెట్టారు. పెద్దక్క లేచి నిలబడింది. ఆమె మీదికి చేయి ఎత్తింది తల్లి. కళ్ళజోడు అడ్డం వచ్చింది.

నేను లేచాను. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను.

"అమ్మా, ఆవిడ చెప్పింది. మేనేజరుకి చెప్పింది, వచ్చిన టీచరుకీ చెప్పింది. నీకు కబురు పంపనిది మేనేజరు. ఫిట్స్ వచ్చినప్పుడు ఆవిడ సామాన్ల గదిలో ఉంది. బయట తాళం. తాళంచెవి నా దగ్గర ఉంది."

"నీ దగ్గరా?"

"నా దగ్గరే. ఆవిడ తలుపు బాదుతుంటే నేను నిలబడి ఉన్నాను."

"ఎంతసేపు?"

"చాలాసేపు."

ఆమె నన్ను చూసిన చూపు గురించి రాయను. ఆమె అడిగింది, "మనుషులకి తాళమెందుకు వేశారు?" వంటమ్మ చెప్పింది. అంత భయస్తురాలు, ఆరు నెలలకోసారి జరిగేదంతా ఏడుస్తూ ఆమెకు చెప్పింది. తల్లి చాపమీద కూలబడింది. "అంటే మేం ఇన్నాళ్ళూ మా పిల్లల్ని ఎవరికి ఇచ్చి పోతున్నామో ఆ మనుషుల్ని దాచేస్తున్నారా?" అంది. లేచి మిల్లువైపు నడిచింది.

పెద్దక్క ఆ కాగితాన్ని మడిచి, సంతకం లేకుండానే మేనేజరు బల్ల మీద పెట్టి వచ్చింది. 

బుధవారం కళ్ళజోడు సెలవు పెట్టి మిగతా ఏడు బళ్ళూ తిరిగింది. సాయంత్రం గేటు దగ్గర నాతో అంది, "అన్నింట్లోనూ ఇంతే పెదనాన్నా. ఒకచోట సామాన్ల గది, ఒకచోట మరుగుదొడ్డి పక్క సందు. ఇరవై ఎనిమిది మందిమి. ఒకావిడ పదహారేళ్ళుగా దాక్కుంటోంది."

"వస్తారా మరి?"

"ఎవరూ వస్తామనలేదు. తలుపులు మూసి మాట్లాడారు. అందరికీ భయమే. నాకూ భయమేగా, చూడు చేతులు ఎలా చల్లబడ్డాయో."

గురువారం వ్యాను వచ్చింది. ఈసారి కాంట్రాక్టరు కూడా దిగాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న సన్నటి మనిషి. మేనేజరు నా వైపు చేయి ఊపాడు. "ఏయ్, కానియ్. లోపల పెట్టు."

ముగ్గురూ హాల్లో పిల్లల మధ్య కూర్చుని ఉన్నారు. లేవలేదు. పెద్దక్క పిల్లలకు ఆకులు పంచి, పెద్దది ముందు, చిన్నది వెనక పేర్చమంటోంది.  

"చెవిటివాడివా?" అన్నాడు కాంట్రాక్టరు నాతో.

తాళంచెవి తీసి అతని కాళ్ళ దగ్గర పెట్టాను. 

గేటు బయట మిల్లు తల్లులు నిలబడ్డారు. షిఫ్టు మానుకుని నలభైమంది దాకా వచ్చారు. చిట్టి తల్లి చంకలో చిట్టి ఉంది. తనిఖీ మేడం కారు వాళ్ళ మధ్యలోంచి రావాల్సివచ్చింది.

"ఎవరు వీళ్ళు?" అంది మేడం, హాల్లో కూర్చున్న ముగ్గుర్నీ చూపిస్తూ.

"ఆయాలు మేడం, ఎవరో రెచ్చగొట్టారు. మొన్న పిల్లకి జ్వరమున్న సంగతి దాచిపెట్టింది కూడా ఈ పెద్దదే" అన్నాడు కాంట్రాక్టరు.

"దాచలేదు."

ఆ మాట అన్నది సర్టిఫికెట్ టీచరు. ఇస్త్రీ బట్టల్లో వ్యాను పక్కనే నిలబడి ఉంది. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

"ఆవిడ నాకు చెప్పింది. గంటకోసారి చూడమంది. నేనే చూడలేదు. ఎట్లా చూడాలో నాకు తెలీదండి. నేను శిక్షణ పూర్తి చేసి ఆరేళ్ళయింది, ఒక్క రోజు కూడా తరగతి చెప్పనివ్వలేదు. నా సర్టిఫికెట్ ఈయన బీరువాలో ఉంది. అడిగితే ఇవ్వడు. తనిఖీ ఉన్నప్పుడు తెచ్చి నిలబెడతాడు, అయ్యాక దించేస్తాడు."

"నోర్ముయ్" అన్నాడు కాంట్రాక్టరు.

ఆమె నోరు మూసుకుంది. కానీ వ్యాను దగ్గరికి పోలేదు. చెప్పులు విప్పి, హాల్లోకి వెళ్ళి, పెద్దక్క పక్కన కూర్చుంది. పెద్దక్క ఆమె చేతిలో నాలుగు ఆకులు పెట్టింది. "ఎర్రచొక్కా వాడితో మొదలుపెట్టండి" అంది.

మేడం ఫైల్లో కాగితాలు తిప్పింది. ఆమెకూ భయమే, నేను చూశాను. "ఇది నా పరిధిలోది కాదు" అని ఫైలు మూసి కారెక్కింది. కాంట్రాక్టరు ఫోను తీశాడు.

పోలీసులు వచ్చేటప్పటికి పదకొండు. యాభైమంది పిల్లల్ని హాల్లో నిర్బంధించారని ఫిర్యాదు. తలుపులు రెండూ బార్లా తెరిచే ఉన్నాయి. పోలీసాయన పెద్దక్కను లెమ్మన్నాడు. తల్లులు లోపలికి తోసుకొచ్చారు. "నిర్బంధించారో లేదో కన్నవాళ్ళం మమ్మల్ని అడగండి!" అని చిట్టి తల్లి అరిచింది. లాఠీ ఒకటి గుమ్మానికి తగిలింది. పిల్లలు గుక్కపట్టారు. పెద్దక్క వెంటనే లేచింది.

"కొట్టకండి, పిల్లలు చూస్తున్నారు. వస్తున్నా" అంది. కళ్ళజోడుకు అప్పజెప్పింది. "జడల పిల్లకి కుడిపక్క. చిన్నాడు అన్నం తిన్నాక కక్కుతాడు, నిలబెట్టి ఉంచు." జీపెక్కింది. నన్నూ ఎక్కించారు.

పోలీసు స్టేషను బల్లమీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం.  పెద్దక్క అంది, "భయం తగ్గుతుందనుకున్నా అన్నా. తగ్గడం లేదు."

"నాకూ తగ్గలేదు" అన్నాను.

నన్ను శుక్రవారం వదిలేశారు. కాపలావాడు ఏం చేస్తాడనుకున్నారో. ఉద్యోగం మాత్రం ఉంచలేదు. పెద్దక్కను వదల్లేదు. కోర్టు సోమవారం అన్నారు. అంటే శనివారం పోయినట్టే. పై నెలలో ఆమెకు నలభై నిండుతుంది.

ఆ సంగతి కళ్ళజోడు ఊచల అవతల నిలబడి ఆమెకు చెప్పింది. చెప్పలేక చెప్పింది.

"తెలుసు" అంది పెద్దక్క.  "నాది పోయింది. నీది ఉంది. వంటమ్మది ఉంది. ఉత్తరం లేకపోయినా ఫారాలు పట్టుకుని వెళ్ళండి. తీసుకోకపోతే, తీసుకోం అని కాగితం మీద రాసివ్వమనండి. వెళ్ళండే, ఏడుస్తూ నిలబడితే అవదు" అంది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి శిక్షణ ఆఫీసు ముందుకు వెళ్ళాను. కళ్ళజోడు ఒక్కతే ఉంటుందనుకున్నాను. చిట్టి తల్లి ఉంది, మిల్లునుంచి ఇంకో పదిమంది ఉన్నారు. పది నిమిషాలకు ఇద్దరు ఆయాలు వచ్చారు, మా బడివాళ్ళు కాదు. పరిచయం లేనివాళ్ళలా ఎడంగా నిలబడ్డారు. తర్వాత ముగ్గురు. తర్వాత ఒకేసారి ఎనిమిదిమంది. పదహారేళ్ళుగా దాక్కుంటున్న ఆవిడ కూడా వచ్చింది. ఆమెకు వయసు ఎప్పుడో దాటిపోయింది. "నాకు ఫారం లేదు, నిలబడ్డానికి వచ్చా" అంది. సందు మలుపులో పోలీసు జీపు ఉంది. దాన్ని చూసి వరస రెండుసార్లు చెదిరింది, రెండుసార్లూ మళ్ళీ కట్టింది. ఎవరూ నినాదం ఇవ్వలేదు. 

కిటికీ తెరుచుకుంది. గుమాస్తా బయటకు తొంగిచూశాడు.

"ఇంతమందా! ఉత్తరాలున్నాయా?"

 వరసలో ముందెవరు నిలబడాలన్నది అప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. ముందుకు వెళ్ళినవాళ్ళ పేరే జీపులోవాళ్ళు ముందు రాసుకుంటారు.

వరస మధ్యలోంచి వంటమ్మ బయటికి వచ్చింది. ఆమె వచ్చిందని అప్పటిదాకా నేను చూడనే లేదు. కిటికీ దగ్గరికి నడిచి ఫారం లోపలికి తోసింది.

"మేనేజరు ఉత్తరం ఏదమ్మా?"

"లేదు."

"లేకపోతే తీసుకోను. పక్కకు జరుగు."

"జరగను. తీసుకోను అని రాసివ్వండి."

"జీపు చూశావా? పిలవమంటావా?"

వంటమ్మ వెనక్కి తిరిగి జీపును చూసింది.  ఫారం అంచు టపటప కొట్టుకుంటోంది. గుమాస్తా ఆ చివర పట్టుకుని బయటికి నెడుతున్నాడు, ఆమె ఈ చివర పట్టుకుని లోపలికి నెడుతోంది. వెనక నిలబడ్డ ఆడవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. ఒక చేయి వంటమ్మ వీపు మీద పడింది. ఆ తర్వాత ఇంకో చేయి.

ఆమె వదల్లేదు.